రెండో సీసా

నాకు కోపం ఎక్కువని మా ఆసుపత్రి ఆవరణలో పడుకునే కుక్కలకు కూడా తెలుసు. ఇరవై రెండేళ్ల సర్వీసు నాది. రిజిస్టర్‌లో పుష్పావతి, స్టాఫ్ నర్సు అని ఉంటుంది కానీ, కళ్యాణదుర్గం చుట్టుపక్కల పల్లెల్లో నన్ను ఎండుమిరపకాయ సిస్టర్ అంటారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ చెప్పీ చెప్పీ పోయింది. నేను వినలేదు. అరవకపోతే ఇక్కడ పని జరగదని నా నమ్మకం. మొన్న ఏప్రిల్‌లో ఒక మంగళవారం దాకా ఆ నమ్మకంతోనే బతికాను.

ఆ రోజు పొద్దున పదకొండు కావస్తుండగా గేటు ముందు షేర్ ఆటో ఆగింది. అందులోంచి సుంకప్ప అనే రైతు తన భార్యను భుజాన వేసుకుని దిగాడు. ఆమె చేతులు అతని వీపు మీద అటూ ఇటూ ఊగుతున్నాయి. మంచం మీద పడుకోబెట్టాక చూస్తే కళ్లు తెరిచే ఉన్నాయి, అన్నీ చూస్తున్నాయి. చెయ్యి ఎత్తి వదిలితే ధబ్బున పడింది. తల ఎత్తి వదిలితే తలా అంతే.

"పేరేమప్పా?"

"గంగక్క, మేడం."

"ఎప్పటినుంచి ఇట్ల?"

"రాత్రి పండుకునేటప్పుడు బాగానే ఉండె. తెల్లారి లేద్దామంటే కాళ్లు రాలే. ఇంకొంచేపటికి చేతులూ రాలే. ఇప్పుడు మాట గూడా వస్తాలేదు."

పోయిన సంవత్సరం కూడా ఇలాగే అయిందట. అనంతపురంలో చూపించిన కాగితం జేబులోంచి తీశాడు. రక్తంలో పొటాషియం తక్కువ, మూత్రంలో పోతూ ఉంటుంది, రోజూ సిరప్ తాగాలి అని ఉంది. పొటాషియం అనేది ఒంట్లో ఉండే ఒక ఉప్పు. అది తగ్గితే కండరాలు పడిపోతాయి. ఇంకా తగ్గితే ఊపిరి పీల్చే కండరాలూ పడిపోతాయి. అలాగని గబగబా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. ఇటు నుయ్యి, అటు గొయ్యి. మధ్యలో నడవాల్సింది మేము.

"తెల్లారినుంచి ఏం చేసినావు?"

"మా ఊళ్లో సూదేసే ఆయప్ప ఉండాడు కదా, రెండు గ్లూకోజులు ఎక్కిచ్చినాడు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా దిక్కున నీరసమైతే గ్లూకోజ్, జ్వరమైతే గ్లూకోజ్, అత్తాకోడళ్లు పోట్లాడి కళ్లు తిరిగితే గ్లూకోజ్. అది ఎక్కితే బలమొస్తుందని అందరి నమ్మకం. ఇలాంటి మనిషికి అది ఎక్కితే రక్తంలో మిగిలిన కాస్త పొటాషియం కూడా కణాల్లోకి దూరిపోతుంది. కాళ్లు పడిన మనిషికి చేతులూ పడతాయి. ఇక్కడ జరిగింది అదే.

"నీ పెండ్లాన్ని నువ్వే సంపుకుంటాండావు కదప్పా! బుద్ధుందా నీకు? ఈ కాగితం జేబులో పెట్టుకోని వానితో గ్లూకోజ్ ఎక్కిస్తావా?"

వార్డులో ఎనిమిది మంచాలూ ఇటు తిరిగాయి. సుంకప్ప తల దించుకున్నాడు. యాభై ఏళ్ల మనిషి, నల్లటి మెడ మీద చెమట కారుతోంది. నేను ఆపలేదు. ఆ గొంతుతోనే అడిగాను.

"ఇంకేమన్నా ఇచ్చినావా?"

అతని చూపు మంచం కింద పెట్టిన ఎరువుల సంచి మీదికి పోయి, వెంటనే వెనక్కి వచ్చింది.

"లేదు మేడం."

కేస్ షీట్‌లో 'ఇతర మందులు: లేవు' అని రాసుకున్నాను. ఆ చూపు నేను చూశాను. చూసి కూడా రాసుకున్నాను. సంచిలోంచి ఒక బాటిల్ మూతి కనబడుతుంటే అదేమిటని మళ్లీ గదమాయించాను. మజ్జిగ అన్నాడు.

"నోట్లో ఒక్క చుక్క పోసినావంటే చూడు. మింగలేదు, ఊపిరితిత్తుల్లోకి పోతాది."

"సరే మేడం."

రక్తం తీసి బస్టాండు పక్క ల్యాబ్‌కు పంపించాను. పన్నెండుకు రిపోర్టు వచ్చింది. ఒకటి పాయింట్ తొమ్మిది. మూడున్నరకు తగ్గకూడనిది ఒకటి పాయింట్ తొమ్మిది.

మా డాక్టరు అశ్విని ధర్మవరం నేతగాళ్ల ఇంటి అమ్మాయి. పోస్టింగ్ వచ్చి ఆరు నెలలు. పోగులు లెక్కపెట్టే ఇంట్లో పుట్టినందుకో ఏమో, లెక్క తప్పదు. ఈసీజీ తీయించింది. గుండె గీతలో గుండ్రంగా లేవాల్సిన అల నేలకు అతుక్కుపోయి ఉంది. కేస్ షీట్ వెనక పెన్నుతో లెక్క వేస్తూ, "బరువెంత సిస్టర్?" అంది.

నిలబడలేని మనిషిని తూకం ఎక్కించడం ఎలాగా అని నేను ఆలోచిస్తుండగానే సుంకప్ప చెప్పాడు.

"నలభై అయిదు కేజీలు. మొన్న చీనీకాయలు తూచేటప్పుడు కాటా మీద నిలబెట్టి చూసినా."

బత్తాయిని మా దిక్కున చీనీ అంటారు. ఆ తోట రైతు తన భార్యను కాటా మీద ఎందుకు నిలబెట్టాడో ఆ క్షణాన నాకు తట్టలేదు. అంకె దొరికింది, చాలనుకున్నాను.

"కావాల్సింది మూడున్నర, ఉన్నది ఒకటి పాయింట్ తొమ్మిది. తేడా ఒకటి పాయింట్ ఆరు. దాన్ని నలభై ఐదుతో, మళ్లీ పాయింట్ నాలుగుతో గుణిస్తే ఇరవై తొమ్మిది మిల్లీ ఈక్వివలెంట్లు," అంది డాక్టరు. "ఇది రక్తం మట్టుకే సిస్టర్. కండరాల్లో లోటు ఇంకా చాలా ఉంటుంది. కానీ తొందరపడొద్దు. గంటకు పది దాటకూడదు. ఒక ఆంప్యూల్‌లో ఇరవై ఉంటుంది కదా, అర లీటరు సెలైన్‌లో కలిపి రెండు గంటలు. తర్వాత ఇంకోటి. అది అయ్యాక రక్తం మళ్లీ పంపుదాం."

పంపు మిషన్ మా దగ్గర లేదు. లెక్కంతా చుక్కల్లోనే. అర లీటరు రెండు గంటల్లో పోవాలంటే నిమిషానికి ఎనభై మూడు చుక్కలు. పొటాషియం కలిపాక సీసాను పదిసార్లు తిరగేయాలి, లేకపోతే మందంతా అడుక్కు దిగి ఒక్కసారిగా పోతుంది. తిరగేశాను. గడియారం చూస్తూ చుక్కలు లెక్కపెట్టి గొట్టం మీది చక్రం బిగించాను.

"సుంకప్పా, ఈ చక్రం మీద చెయ్యేసినావంటే ఆ చెయ్యి విరుస్తా."

"డ్రిప్పే కదా మేడం. నాకు తెల్సు. ఎక్కువ వదిలితే చెట్టు యేరు కుళ్లిపోతాది."

మూడున్నర ఎకరాల చీనీ తోటను ఒక్క బోరుతో, చుక్క చుక్కతో బతికించుకుంటున్న మనిషి. స్టూల్ లాక్కుని చుక్కల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ చూపు చూస్తే నాకు ధైర్యం వచ్చింది. నా పిచ్చి గానీ, చక్రం గురించి నేను భయపడిందంతా వృథా. చక్రాన్ని అతను ముట్టుకోనే లేదు.

పన్నెండున్నరకు కాన్పు కేసు వచ్చింది. తొలిచూలు పిల్ల, బిడ్డ ఎదురుకాళ్లతో ఉంది. డాక్టరు లోపలికి పోయింది. నేను కాన్పు గదికీ వార్డుకూ మధ్య తిరుగుతూనే ఉన్నాను. ఒంటిగంటకు గంగక్క అలాగే ఉంది. ఒకటిన్నరకు వేళ్లు కదిపింది. రెండుకు పది నిమిషాలుండగా వచ్చి చూస్తే చెయ్యి ఎత్తి కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. నన్ను చూసి తల ఎత్తింది.

"లేస్తాండాది మేడం!" అన్నాడు సుంకప్ప. పక్క మంచం ముసలావిడ దండం పెట్టింది. నాకూ ఒళ్లు పులకరించింది. అబద్ధమెందుకు, ఒక్క క్షణం నేనేదో గొప్ప చేశానని మురిసిపోయాను.

సీసాలో ఇంకా గుక్కెడు మిగిలి ఉంది. రెండో సీసాలో ఆంప్యూల్ కలిపి తిరగేస్తున్నాను. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతుంటే అయిదు దగ్గర నా చెయ్యి ఆగింది.

ఎక్కింది ఇరవై కూడా కాలేదు. ఇరవైతో రక్తంలో పెరిగేది మహా అయితే పాయింట్ రెండు. ఒకటి పాయింట్ తొమ్మిది ఉన్న మనిషి రెండు పాయింట్ ఒకటికి తల ఎత్తదు. కొంగు పట్టుకోదు. రేపు పొద్దునకు లేవాల్సిన మనిషి రెండు గంటల్లో ఎలా లేచింది?

సీసా పట్టుకునే కాన్పు గది తలుపు దగ్గరికి పరిగెత్తాను.

"మేడం, గంగక్క తల ఎత్తుతోంది!"

"వెరీ గుడ్!" లోపలినుంచి డాక్టరు గొంతు. "రెండోది పెట్టేయండి సిస్టర్. నేను రావడానికి పది నిమిషాలు."

అది ఆర్డర్. ఇరవై రెండేళ్లలో డాక్టరు చెప్పిన సీసా తగిలించకుండా ఆపింది లేదు. తిరిగొచ్చి స్టాండు దగ్గర నిలబడ్డాను. సుంకప్ప నా చేతిలో సీసా వైపు ఆశగా చూస్తున్నాడు.

"పెట్టు మేడం. ఇంకొగటి పడితే నడుస్తాది."

సీసా కింద పెట్టి ఆమె మణికట్టు పట్టుకున్నాను. నాడి నిమిషానికి నలభై ఎనిమిది. పొద్దున తొంభై ఉండింది. ఈసీజీ మిషన్ లాక్కొచ్చి తీగలు పెట్టాను. కాగితం బయటికి వస్తోంది. ఇందాక నేలకు అతుక్కుపోయిన అల ఇప్పుడు సన్నగా, నిటారుగా, సూదిలా మొన దేలి లేచింది. అంటే పొటాషియం ఎక్కువైంది. ఇది ఇంకా పెరిగితే గుండె ఆగిపోతుంది. నా చేతిలో ఇంకో సీసా తయారుగా ఉంది.

చక్రం మొత్తం మూసేశాను. రక్తం తీసి అటెండరు గంగాధరప్పను ల్యాబ్‌కు పరిగెత్తించాను. తర్వాత సుంకప్ప వైపు తిరిగాను.

"ఏమిచ్చినావు?"

"ఏమీ లేదు మేడం."

"అబద్ధాలాడతావా? ఏమిచ్చినావో చెప్తావా లేదా?"

అతని ముఖం మూసుకుపోయింది. చూస్తుండగానే తలుపు వేసినట్టు మూసుకుపోయింది. అప్పుడు తెలిసింది నాకు. పొద్దున గ్లూకోజ్ సంగతి ఉన్నదున్నట్టు చెప్పాడు. చెప్పినందుకు వార్డంతా వినేలా, పెళ్లాన్ని చంపుతున్నావన్నాను. రెండో నిజం ఎందుకు చెబుతాడు? నేను అడిగే కొద్దీ అతను బిగుసుకుంటాడు. అతను బిగుసుకునే కొద్దీ ఆమె గుండె మందగిస్తుంది. కడుపులో ఎంత ఉందో తెలియకపోతే ఇంకా ఎంత పెరుగుతుందో ఎవరికీ తెలియదు.

స్టూల్ పక్కన నేల మీద చతికిలబడ్డాను. చీర నలిగినా, అందరూ చూస్తున్నా పట్టించుకోలేదు. గొంతు దించడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. నాకు అలవాటు లేని పని.

"సుంకప్పా, పొద్దున అరిచినా. తప్పు నాదే. ఇప్పుడు అరవను. నీ మీద కేసూ లేదు, ఏమీ లేదు. నువ్వు మంచికే ఇచ్చింటావు. ఏమిచ్చినావో, ఎంతిచ్చినావో చెప్తే ఈమెను కాపాడుకుంటాం. చెప్పకుంటే నాకు చేతనయ్యేదేమీ లేదప్పా."

మంచం మీద గంగక్క కళ్లు మా ఇద్దరి మీదా ఉన్నాయి. నేను నాడి మీంచి వేళ్లు తీయలేదు. నలభై ఆరు.

"పొటాషు," అన్నాడు.

"యాడిది?"

సంచిలోంచి మజ్జిగ బాటిల్ తీశాడు. అడుగున తెల్లగా మడ్డి పేరుకుని ఉంది.

"తోటకు డ్రిప్పులో వదిలేది మేడం. తెల్ల పొటాషు. సిరప్ అయిపోయి రెండు నెలలాయ. ఈడ అంగళ్లలో దొరకలే. కాగితంలో పొటాషియం అని ఉండాది కదా, ఎరువులంగడాయప్పను అడిగితే రెండూ ఒగటే అన్నాడు. చీనీ ఆకు అంచులు మాడితే ఇదే వదుల్తాం, పది దినాలకు ఆకు తేరుకుంటాది. నా కండ్లతో చూసినా. చెట్టుకింత అని లెక్కుండాది. ఈమెను కాటా మీద నిలబెట్టి బరువు చూసి, మనిషికింత అని నేనే లెక్క కట్టినా. రోజూ చిటికెడు మజ్జిగలో ఇస్తాంటి. రెండు నెలలు శానా బాగుండె. మొన్న వాళ్ల అక్క కూతురు పెండ్లికని ఊరికి పోయి వారం దినాలు తాగలే. అందుకే పడిపోయినాదని..."

"ఈ పొద్దు ఎంత?"

"వారానిదంతా ఒకేసారి. నిండు చెంచాలు రెండు. సగం తెల్లారి పోసినా, గ్లూకోజ్ ముందర. సగం ఇప్పుడు, నువ్వు కాన్పుకు పోయినప్పుడు. నాలిక మీద కొంచెం కొంచెం వేసినా."

ఒక నిండు చెంచా అంటే తక్కువలో తక్కువ అయిదు ఆంప్యూల్స్. రెండు చెంచాలంటే పది. మేము నాలుగు గంటల్లో రెండిద్దామని భయపడుతూ చుక్కలు లెక్కపెడుతుంటే, తెల్లారే అయిదు పోసిన మనిషి సందులో ఇంకో అయిదు పోశాడు. డాక్టరు లెక్కలో తప్పు లేదు. సుంకప్ప లెక్కలో కూడా ఒక తీరున తప్పు లేదు. రెండు లెక్కలూ ఒకే మనిషి ఒంట్లో కలిశాయి. కలుస్తున్నాయని అతనొక్కడికే తెలుసు. అతని నోరు నేను మూయించాను.

కాన్పు గది తలుపు తోసుకుని పోయి చెప్పాను. బిడ్డ అప్పుడే బయటపడింది. తల్లిని ఏఎన్ఎం చేతిలో పెట్టి డాక్టరు నెత్తురు గ్లౌజులు విప్పుకుంటూ పరిగెత్తుకొచ్చింది. ఈసీజీ కాగితం చూసింది. కాల్షియం సిరంజిలోకి ఎక్కించి, మెల్లగా, గీత చూస్తూ చూస్తూ, పది నిమిషాలు నరంలోకి ఇచ్చింది.

"ఇది పొటాషియాన్ని తగ్గించదు సిస్టర్. గుండెకు కాపలా కాస్తుంది, అంతే. కడుపులోది ఇంకా ఎక్కుతూనే ఉంటుంది. అంబులెన్స్‌కు ఫోన్ చేయండి."

ల్యాబ్ నుంచి ఫోనొచ్చింది. ఆరు పాయింట్ నాలుగు. డాక్టరు నేల మీద పెట్టిన రెండో సీసా వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది.

"మీరు అది పెట్టి ఉంటే..."

"పెట్టలేదు కదమ్మా," అన్నాను. ఎవరికి ధైర్యం చెప్పుకున్నానో నాకే తెలియదు.

అంబులెన్స్ వచ్చేదాకా నలభై నిమిషాలు. ప్రతి అయిదు నిమిషాలకూ ఒక కాగితం తీశాం. మూడో కాగితంలో సూదిమొన కొంచెం మొద్దుబారింది. నాడి యాభై ఎనిమిది. డాక్టరు తనే అంబులెన్స్ ఎక్కింది. సుంకప్ప తలుపు దగ్గర నిలబడి, ఎక్కొచ్చా అని నన్ను కళ్లతోనే అడిగాడు. ఎక్కమన్నాను. మజ్జిగ బాటిల్ మూత బిగించి, అనంతపురంలో చూపించమని అతని చేతిలో పెట్టాను.

వాళ్లు పోయాక కేస్ షీట్ ముందేసుకున్నాను. 'ఇతర మందులు: లేవు' అన్నది కొట్టేసి, 'ఎరువుల పొటాష్, రెండు నిండు చెంచాలు, నోటి ద్వారా' అని రాశాను. ముందే ఎందుకు రాయలేదని రేపు పైవాళ్లు అడుగుతారు. పక్కనే 'భర్త చెప్పలేదు' అని రాసి సంతకం పెట్టాను. నిజమే కదా, చెప్పలేదు. అనంతపురం నుంచి డాక్టరు ఫోను వచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు. గండం గడిచింది అంది.

పదమూడో రోజు గంగక్క వచ్చింది. తన కాళ్లతో నడిచి వచ్చింది. సిరప్ ఇప్పుడు మా ఆసుపత్రికే తెప్పించాం. సుంకప్ప వార్డు గుమ్మం అవతలే నిలబడి, మేడం ఈ పొద్దు కోపంగా ఉండాదా అని గంగాధరప్పను అడుగుతున్నాడు. నేను మూతలో గీత చూపించి, ఇంతకు మించొద్దని గంగక్కకు చెబుతున్నాను. ఆమె వింటోంది. విని, గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"మేడం, ఒగటి చెప్తా. కోపం చేసుకోవద్దు."

"చెప్పక్కా."

"ఆ పొద్దు నాకు అన్నీ ఇనపడతాండె. పొద్దున నువ్వు మా ఆయప్పను అడిగినప్పుడు చెప్పాలని నాలిక కొట్టుకుండె, మాట రాలే. మధ్యానం రెండోసారి పోసి ఆయప్ప బాటిల్ సంచిలో పెట్టినంక కొంచేపటికి మాట వచ్చినాది. గుండె ఎట్లనో కొట్టుకుంటాండె. సచ్చిపోతాననే అనుకుంటి."

"మాట వస్తే నన్ను పిలవచ్చు కదా గంగక్కా! పక్క గదిలోనే ఉంటినే!"

ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"పిలుద్దామనుకుంటి. నువ్వొస్తే అందరి ముందరా ఆయప్పను మళ్లా తిడ్తావని పిలవలే."

ఆమె సిరప్ తీసుకుని వెళ్లింది. గుమ్మం దగ్గర సుంకప్ప సీసా అందుకుని, మూతలో గీత ఎక్కడుందో వెలుగులో పెట్టి చూసుకున్నాడు. ఇద్దరూ ఆటో కోసం రోడ్డు మీదికి పోయారు.

నేను రికార్డు బీరువా తెరిచి ఆ కేస్ షీట్ వెతికి తీశాను. 'భర్త చెప్పలేదు' అన్నది కొట్టేశాను. దాని పక్కన 'నర్సు అరిచినందున చెప్పలేదు' అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాను.